హైడ్ పార్కులో విజయనగరం ఫౌంటెన్: పార్కు మిగిలింది, కానుక ఎందుకు మిగల్లేదు?

క్లుప్తంగా

లండన్ హైడ్ పార్కులో విజయనగరం మహారాజు విరాళంతో 1867లో ఒక తాగునీటి ఫౌంటెన్ కట్టారు. 1964లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆ చోట గుర్తురాయి ఒక్కటే ఉంది. పార్కు మాత్రం మధ్యలో కొన్నేళ్లు మినహా 1637 నుంచీ జనానికి తెరిచే ఉంది. భూమి ఎవరిది, అందులో జనం హక్కు ఎంత, నిర్వహణ ఖర్చు ఎవరిది అనే మూడు విషయాలను అక్కడ విడివిడిగా తేల్చుకోవడమే దీనికి ముఖ్య కారణం. బెంగళూరు, హైదరాబాదు పార్కుల్లో ఈ మూడూ ఎలా తేలాయి, విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఎక్కడ ఆగిపోయాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మార్బుల్ ఆర్చ్ దగ్గర ఉన్న రాయి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి చదువులకీ ఉద్యోగాలకీ ఇంగ్లండ్ వెళ్లిన పిల్లలు ఉన్నారు. వాళ్లను చూసి రావడానికో, కూతురి పురుటికో వెళ్లే తల్లిదండ్రులూ ఉన్నారు. లండన్‌లో చేతి డబ్బు ఖర్చు కాకుండా ఒక పూట గడపాలంటే ముందుగా వినిపించేది హైడ్ పార్కు పేరే. విస్తీర్ణం 350 ఎకరాలు. టికెట్ లేదు. తెల్లవారుజామున 5 గంటల నుంచి అర్ధరాత్రి దాకా గేట్లు తీసే ఉంటాయి. మెట్రోలో వెళ్తే మార్బుల్ ఆర్చ్, లాంకాస్టర్ గేట్, నైట్స్‌బ్రిడ్జ్, హైడ్ పార్క్ కార్నర్ స్టేషన్లలో ఎక్కడ దిగినా రోడ్డు దాటగానే పార్కే. గడ్డి మీద కూర్చోవచ్చు, పడుకోవచ్చు, పిల్లలతో బంతాట ఆడుకోవచ్చు. మడత కుర్చీ అద్దెకు తీసుకున్నా, చెరువులో పడవ ఎక్కినా మాత్రం డబ్బు కట్టాలి.

పార్కు ఉత్తరపు అంచున, మార్బుల్ ఆర్చ్‌కు దగ్గర్లో, విజయనగరం మహారాజు పేరున్న గుర్తురాయి ఒకటి కనిపిస్తుంది. ఆయన కానుకగా ఇచ్చిన తాగునీటి ఫౌంటెన్ ఒకప్పుడు ఇక్కడ ఉండేదని, 1867లో కట్టారని, 1964లో తొలగించారని అది చెబుతుంది. దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపితే చూసినవాళ్లకి వెంటనే రెండు సందేహాలు వస్తాయి. ఇక్కడి జమీందారు అంత దూరాన నీళ్లెందుకు ఇచ్చారు? ఇచ్చినదాన్ని వాళ్లెందుకు ఉంచుకోలేదు? మొదటి ప్రశ్నకు జవాబు ఆనాటి లండన్ నీళ్లలో ఉంది. రెండోదానికి జవాబు వెతికితే, ఒక పార్కు పార్కుగా ఎలా మిగులుతుందో కూడా తెలుస్తుంది.

లండన్‌కు తాగునీటి కరువు ఉన్న రోజులు

19వ శతాబ్దం మధ్య నాటికి లండన్ ప్రపంచంలోనే అతి పెద్ద నగరం. కానీ తాగునీటి సరఫరా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. డబ్బున్న ఇళ్లకి గొట్టాలు, పేదల వాడలకి వీధి పంపులు, బావులు. ఆ పంపుల నీళ్లలోకి మరుగుదొడ్ల గుంతల మురుగు దిగేది. 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కలరా ప్రబలినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఒక్కో మరణాన్నీ మ్యాపు మీద గుర్తించి, జబ్బు నీళ్ల ద్వారానే వస్తోందని వాదించారు. ఆ పంపు చేతిపిడిని ఊడదీయించారు. నాలుగేళ్లకి, 1858 వేసవిలో, థేమ్స్ నది మురుగు కంపు పార్లమెంటు భవనంలోకి కూడా చేరింది. అప్పటికిగానీ నగరానికి భారీ మురుగు కాలువలు కట్టే పని ముందుకు కదల్లేదు.

1859లో శామ్యూల్ గర్నీ అనే పార్లమెంటు సభ్యుడి చొరవతో ఉచిత తాగునీటి ఫౌంటెన్ల సంఘం ఏర్పడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో హోబర్న్ ప్రాంతంలోని ఒక చర్చి ప్రహరీలో మొదటి ఫౌంటెన్ తెరిచారు. మంచినీళ్లు దొరక్క కూలీలు బీరు దుకాణాల వైపు పోతున్నారన్న ఆందోళన కూడా ఆ సంఘం వెనక ఉంది. ఆ కాలపు ఫౌంటెన్లలో నీటిధార పక్కన గొలుసుతో కట్టిన లోహపు గ్లాసు వేలాడేది. వచ్చినవాళ్లంతా ఆ గ్లాసుతోనే తాగి, మళ్లీ వదిలేసి వెళ్లేవారు. ఉత్తరాంధ్ర చలివేంద్రాల్లో పాత పద్ధతి వేరు. కుండలోంచి ముంచిన నీళ్లు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవారు. నీళ్లు ఉచితంగా పోయాలన్న ఉద్దేశం రెండు చోట్లా ఒకటే అయినా, అంటువ్యాధి లెక్కన చూస్తే చలివేంద్రం పద్ధతే మెరుగు.

ఈ సంఘం విరాళాల మీదే నడిచేది. అలా విరాళం ఇచ్చినవారిలో విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు (1826–1879) ఒకరు. విజయనగరంలో 1857లో ఆయన పెట్టిన బడే తర్వాత మహారాజా కాలేజీ అయింది. ఆయన చాలాకాలం కాశీలో గడిపారు. అలహాబాద్‌లోని మ్యూర్ కాలేజీలో విజయనగరం హాలు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. ఇంగ్లండ్‌లో నీటి కోసం దానం చేసిన భారతీయ ప్రముఖుడు ఆయన ఒక్కడే కాదు. కాశీ మహారాజు డబ్బుతో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే పల్లెలో 368 అడుగుల లోతు బావి తవ్వి 1864లో ప్రారంభించారు. బొంబాయి పార్సీ వ్యాపారి కావస్జీ జహంగీర్ రెడీమనీ విరాళంతో 1869లో లండన్ రీజెంట్స్ పార్కులో ఫౌంటెన్ కట్టారు.

ఈ దానాల వెనక రెండు కారణాలు కలిసి పనిచేశాయి. 1857 తిరుగుబాటు తర్వాత పాలన ఈస్టిండియా కంపెనీ నుంచి నేరుగా రాణి చేతికి వెళ్లింది. సంస్థానాధీశులకీ జమీందార్లకీ బిరుదులు, ఫిరంగి వందనాలు, దర్బారులో స్థానం కొత్తగా నిర్ణయమవుతున్న కాలం అది. లండన్‌లో పేరు కనిపించడానికి విలువ ఉండేది. నీళ్లు దానం చేస్తే పుణ్యం అనే నమ్మకం అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఉంది. చెరువు తవ్వించడం, బావి కట్టించడం ఇక్కడ పాలకుడి ధర్మంగా లెక్కకొచ్చేవి. ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుని ఆ దానాన్ని దేశద్రోహంగానో మహా త్యాగంగానో తేల్చేయడం చరిత్రకు న్యాయం చేయదు. అయితే ఆ డబ్బు జమీందారీ రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందన్న మాట కూడా దాటవేయకూడదు.

వేటాడే అడవి పార్కుగా మారిన తీరు

హైడ్ పార్కు భూమి ఒకప్పుడు వెస్ట్‌మినిస్టర్ మఠం సన్యాసులది. 1536లో ఎనిమిదో హెన్రీ రాజు దాన్ని లాక్కుని జింకల వేటకు వాడుకున్నాడు. 1637లో మొదటి చార్లెస్ జనాన్ని లోపలికి రానిచ్చాడు. పన్నెండేళ్లకు ఆ రాజుకే శిరచ్ఛేదం జరిగింది. రాజు లేని ప్రభుత్వం 1652లో పార్కును ముక్కలు చేసి ప్రైవేటు వ్యక్తులకు అమ్మేసింది. ఆ తర్వాతి ఏడాది అక్కడికి వెళ్లిన ఒక డైరీకారుడు, కొనుక్కున్న యజమాని బండికి ఒక షిల్లింగు, గుర్రానికి ఆరు పెన్నీలు వసూలు చేస్తున్నాడని కోపంగా రాసుకున్నాడు. 1660లో రాచరికం తిరిగి వచ్చాక రెండో చార్లెస్ పార్కును వెనక్కి తీసుకుని చుట్టూ ఇటుక గోడ కట్టించాడు. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. రాజును దించి ప్రజల పేరుతో వచ్చిన ప్రభుత్వమే పార్కును అమ్మింది. ప్రభుత్వ భూమి అన్నంత మాత్రాన అది జనం భూమిగా ఉంటుందన్న హామీ లేదని 17వ శతాబ్దంలోనే తేలిపోయింది.

పార్కు మధ్యలో ఉన్న సర్పెంటైన్ చెరువు సహజమైనది కాదు. 1730లో కరోలైన్ రాణి వెస్ట్‌బోర్న్ అనే వాగుకు అడ్డుకట్ట వేయించి దాన్ని తయారుచేయించింది. వందేళ్లు తిరిగేసరికి ఎగువన ఊళ్లు పెరిగి వాగు మురుగు కాలువైంది. 1834లో ఆ వాగును నేల కింద గొట్టంలోకి మళ్లించి, చెరువుకు వేరే నీళ్లు పెట్టారు. మొదట థేమ్స్ నుంచి తోడారు, ఇప్పుడు బోర్లు వాడుతున్నారు. ఊరి మధ్య చెరువు బతకాలంటే గట్టు మీద బెంచీలు, లైట్లు పెట్టడం కంటే ముందు దానిలోకి వచ్చే నీళ్ల సంగతి తేల్చాలని దీన్నిబట్టి అర్థమవుతుంది. విజయనగరం పెద్ద చెరువు సంగతికి వచ్చినప్పుడు ఇది మళ్లీ అవసరమవుతుంది.

ఏనుగులాంటి భవనం, కదలని చెట్లు

హైడ్ పార్కు చరిత్రలో అన్నిటికంటే ఉపయోగపడే ఘట్టం 1851 నాటిది. ప్రపంచ వస్తు ప్రదర్శన కోసం పార్కులో ఇనుము, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ అనే భారీ భవనం కట్టారు. కట్టకముందే పెద్ద గొడవ అయింది. పార్కు పోతుందని, చెట్లు కొట్టేస్తారని పత్రికల్లో, పార్లమెంటులో గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి నమూనా మార్చారు. ఆ చోట ఉన్న ఎత్తయిన ఎల్మ్ చెట్లను కొట్టకుండా, వాటి పైనుంచి గాజు కమాను వేశారు. ప్రదర్శన జరిగిన నెలలన్నీ ఆ చెట్లు భవనం లోపలే నిలబడి ఉన్నాయి. మే నుంచి అక్టోబరు దాకా సుమారు 60 లక్షల సందర్శనలు నమోదయ్యాయి.

ప్రదర్శన అయిపోయాక భవనాన్ని అక్కడే ఉంచేయాలన్న కోరిక చాలామందికి ఉంది. అంత ఖర్చు పెట్టారు, అంతమంది మెచ్చుకున్నారు. అయినా పార్కును మునుపటిలా అప్పజెప్పాలన్న షరతు ఉండటంతో విప్పేసి, నగరానికి దక్షిణంగా సిడెన్‌హామ్‌కు తరలించి 1854లో మళ్లీ తెరిచారు. ఆ షరతు లేకపోతే హైడ్ పార్కులో ఇప్పుడు ఒక శాశ్వత ప్రదర్శనశాల, దాని చుట్టూ పార్కింగు, దానికి దారులు ఉండేవని ఊహించడం కష్టం కాదు. పార్కును మింగేది ఎప్పుడూ చెడ్డ కట్టడమే కానక్కర్లేదు. అందరికీ నచ్చిన మంచి కట్టడాన్ని కాదనడమే ఎక్కువ కష్టం.

రాజు గారి గ్రిల్, జనం సభ

1866 జూలై 23న ఓటుహక్కు విస్తరణ కోరుతూ రిఫార్మ్ లీగ్ హైడ్ పార్కులో సభ పెట్టాలనుకుంది. ప్రభుత్వం కుదరదని గేట్లు మూయించి పోలీసులను నిలబెట్టింది. వచ్చిన జనం ఒత్తిడికి పార్కు చుట్టూ ఉన్న ఇనుప గ్రిల్ ఒరిగిపోయింది, కొంత మేర ఊడిపోయింది. రెండు మూడు రోజులు గొడవలు జరిగాయి. మరుసటి ఏడాది మే 6న, నిషేధం ఉన్నా, భారీ సభ జరిగింది. దాన్ని ఆపలేకపోయినందుకు హోంమంత్రి స్పెన్సర్ వాల్‌పోల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1872లో పార్కుల నియంత్రణ చట్టం వచ్చి, సభలకు అనుమతి ఇచ్చే అధికారం పార్కు యంత్రాంగానికి దక్కింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఎవరైనా నిలబడి మాట్లాడగలిగే స్పీకర్స్ కార్నర్ అలా వచ్చిందే. 1908 జూన్‌లో మహిళల ఓటుహక్కు కోసం లక్షలమంది చేరిన సభ కూడా ఈ పార్కులోనే జరిగింది.

విజయనగరం ఫౌంటెన్ కట్టిన సంవత్సరం, ఆ నిషేధాన్ని ధిక్కరించిన సభ జరిగిన సంవత్సరం ఒకటే, 1867. స్థలం కూడా పార్కు ఈశాన్య మూలకు దగ్గరే. ఒకవైపు జనం పార్కులో తమకు హక్కు ఉందని పోట్లాడుతుండగా, మరోవైపు అదే జనం దాహానికి వేల మైళ్ల అవతలి జమీందారు నీళ్లు ఏర్పాటు చేశారు. సభలు పెట్టుకునే వీలు చట్టంలోకి ఎక్కింది. కానుక కానుకగానే ఉండిపోయింది.

ఇక్కడ ఒక చిక్కును స్పష్టం చేయాలి. హైడ్ పార్కు భూమి నేటికీ రాచరికం పేరునే ఉంది. చట్టం ప్రకారం చూస్తే రాయల్ పార్కుల్లోకి జనాన్ని రానివ్వడం రాజు అనుగ్రహమే. దాన్ని సొంత హక్కుగా ఇచ్చిన చట్టం లేదు. అయినా ఎవరూ మూయలేరు. ఎందుకంటే 1851లో వచ్చిన చట్టంతో పార్కుల నిర్వహణ రాజు చేతి నుంచి ప్రభుత్వ కమిషనర్లకు మారింది. దానికి పార్లమెంటులో లెక్క చెప్పాలి. నిబంధనలు అచ్చయ్యాయి. వాటి మీద 150 ఏళ్ల ఆనవాయితీ పేరుకుంది. యజమాని ఒకరు, నిర్వాహకుడు మరొకరు, లెక్క అడిగేది ఇంకొకరు కావడం వల్ల ఏ ఒక్కరూ పార్కును తమ ఇష్టానికి వాడుకోలేరు.

ఫౌంటెన్‌కు పట్టిన గతి

1852 చట్టం లండన్ నీటి కంపెనీలు నీళ్లను వడకట్టి తీరాలని నిర్దేశించింది. 1904లో ఆ కంపెనీలన్నీ ఒకే ప్రభుత్వ బోర్డు కిందికి వెళ్లాయి. ఇంటింటికీ కుళాయి వచ్చాక వీధి ఫౌంటెన్ల అవసరం పడిపోయింది. ఒకే గ్లాసుతో అందరూ తాగడం ఆరోగ్యానికి ప్రమాదమని తెలిశాక ఆ గొలుసు గ్లాసులూ పోయాయి. అవసరం తగ్గినకొద్దీ గోతిక్ శైలి రాతికట్టడం కేవలం మరమ్మతుల ఖర్చుగా మిగులుతుంది.

అయినా అన్నీ పోలేదు. రీజెంట్స్ పార్కులో రెడీమనీ ఫౌంటెన్ ఇప్పటికీ నిలబడి ఉంది, మరమ్మతులూ చేశారు. ఒకే కాలం, ఒకే ఉద్దేశం, దాదాపు ఒకే తరహా దానం, కానీ ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. ఇలాంటి కట్టడం కాపాడాల్సినవాటి జాబితాలోకి ఎక్కేదాకా నిలబడగలిగిందా లేదా అన్నదే తేడా. పాత కట్టడాల్ని చారిత్రక సంపదగా చూడటం బ్రిటన్‌లో 1960ల చివర నుంచి బలపడింది. 1964 అందుకు కొంచెం ముందే వచ్చింది. దానం చేసినవారు కట్టడానికి డబ్బిస్తారు. నూరేళ్ల తర్వాత రాయి కదిలినప్పుడు సున్నం, సిమెంటు ఎవరు పెట్టాలో మాత్రం ఎవరూ రాసుకోరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దాతల పేర్లు చెక్కిన సత్రాలు, బావులు, బస్ షెల్టర్లు శిథిలమవడానికి కూడా చాలావరకు ఇదే కారణం.

ఉచితానికి ఖర్చు ఎవరు పెడుతున్నారు?

2017 నుంచి హైడ్ పార్కుతో పాటు లండన్‌లోని ఎనిమిది రాయల్ పార్కులను ద రాయల్ పార్క్స్ అనే ధార్మిక సంస్థ నిర్వహిస్తోంది. సర్కారు ఇచ్చే గ్రాంటు కంటే సంస్థ సొంత ఆదాయమే ఎక్కువ. కాఫీ షాపుల అద్దెలు, వేసవి సంగీత కచేరీలు, చలికాలంలో వింటర్ వండర్‌ల్యాండ్ అనే భారీ జాతర ఆ ఆదాయంలో ముఖ్యమైనవి. వాటివల్లే మామూలు సందర్శకుడికి గేటు దగ్గర టికెట్ లేకుండా నడుస్తోంది.

దీనికి మూల్యం ఉంది. కచేరీల సీజన్‌లో పార్కులో పెద్ద భాగానికి తాత్కాలిక కంచె పడుతుంది. వేలమంది తొక్కిన చోట గడ్డి చచ్చి, మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది. శబ్దం మీద చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ఫిర్యాదులు ఆగవు. ప్రైవేటు సంస్థలకు జనం పార్కును ఏడాదిలో ఇన్నేసి రోజులు ఇవ్వడం సబబేనా అన్న వాదన అక్కడ కొనసాగుతోంది. టికెట్ పెట్టకపోవడానికి మార్గం ఇదొక్కటేనని ఒక పక్షం, పన్నులోంచి ఇస్తే సరిపోతుందని మరో పక్షం. లెక్కలు బయటపెట్టి వాదించుకుంటున్నారు కాబట్టి ఆ కంచె తాత్కాలికంగానే ఉంటోంది.

బెంగళూరులో చట్టం, హైదరాబాదులో భవనాలు

ఉత్తరాంధ్ర నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వెళ్లి స్థిరపడినవాళ్లకి కబ్బన్ పార్కు పరిచయమే. మెజెస్టిక్ నుంచి మెట్రోలో మూడో స్టేషను. 1870లో మైసూరు రాష్ట్ర చీఫ్ ఇంజినీరు రిచర్డ్ శాంకీ ఆధ్వర్యంలో దీన్ని వేశారు. 1927లో శ్రీ చామరాజేంద్ర పార్కు అని పేరు మార్చినా జనం నోట కబ్బనే నిలిచింది. ఇందులో హైకోర్టు నడిచే ఎర్రటి అఠారా కచేరీ, ప్రభుత్వ మ్యూజియం, శేషాద్రి అయ్యర్ స్మారక లైబ్రరీ, బాలభవన్ ఉన్నాయి. ఇంకా పెరిగేవేమో గానీ 1975లో కర్ణాటక ప్రభుత్వం ఉద్యానాల పరిరక్షణ చట్టం చేసి, కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ భూమిని అమ్మకూడదని, ఇతర అవసరాలకు మళ్లించకూడదని కట్టడి పెట్టింది. చట్టం వచ్చాక కూడా కొత్త కట్టడాల ప్రయత్నాలు ఆగలేదు, కేసులు హైకోర్టుకు వెళ్తూనే ఉన్నాయి. కాకపోతే కోర్టుకు వెళ్లినవాళ్ల చేతిలో చూపించడానికి ఒక సెక్షన్ ఉంది. నడిచేవాళ్ల సంఘాల ఒత్తిడితో ఆదివారాలు లోపలి రోడ్ల మీద వాహనాలు ఆపేస్తున్నారు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ సంగతి వేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లి దిగిన ఎన్నో తరాల వాళ్లు స్టేషన్ నుంచి నడిచి వెళ్లి చూసిన తోట అది. 1846లో నిజాం కాలంలో మొదలైంది. ఇంగ్లండ్‌లో ప్రజాధనంతో వేసిన తొలి పార్కుగా చెప్పుకునే బర్కెన్‌హెడ్ పార్కు తెరిచింది 1847లో. అంటే కాలంలో హైదరాబాదు ఏమీ వెనకబడి లేదు. తర్వాత జరిగిందే తేడా. 1913కి టౌన్ హాలు పూర్తయింది, అదే శాసనసభ అయింది. 1930లో మ్యూజియం తెరిచారు. ఏడో నిజాం రజతోత్సవం కోసం జూబిలీ హాలు కట్టారు. ఆ తర్వాత బాలభవన్, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం. వీటిలో ఒక్కదాన్ని కూడా అనవసరం అనడానికి నోరు రాదు. మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని చూసిన పిల్లవాడు జీవితాంతం మర్చిపోడు. కానీ ఒక్కో భవనానికీ దారి, ప్రహరీ, పార్కింగు, సెక్యూరిటీ కావాలి. అన్నీ కలిసేసరికి తోట భవనాల మధ్య మిగిలిన ఖాళీలా కనిపిస్తుంది. క్రిస్టల్ ప్యాలెస్‌ను విప్పి పంపించిన షరతు ఇక్కడ ఏ దశలోనూ లేదు.

పార్కును మింగిన తర్వాత కూడా వెనక్కి తీసుకున్న సందర్భం మన దేశంలో ఉంది. లక్నోలో స్వాతంత్ర్యోద్యమ సభలు జరిగిన ఝండేవాలా పార్కు కింద భూగర్భ షాపింగ్ కాంప్లెక్సు కట్టడానికి నగరపాలక సంస్థ ఒక బిల్డరుకు అనుమతి ఇచ్చింది. 1999లో సుప్రీంకోర్టు ఆ కట్టడాన్ని కూల్చి పార్కును మళ్లీ పార్కుగా చేయాలని ఆదేశించింది. అప్పటికే చాలా ఖర్చయిందన్న వాదనను లెక్కలోకి తీసుకోలేదు.

విజయనగరం, శ్రీకాకుళంలో ఎక్కడ ఆగింది?

విజయనగరం కోట పునాది 1713 నాటిది. ఈ కోట రాజుల ఆస్తిగానే ఉండి, 1958లో ఏర్పడిన మాన్సాస్ ట్రస్టు కింద విద్యాసంస్థలకు ఉపయోగపడింది. అది పెద్ద మేలే. వేల కుటుంబాల పిల్లలు అక్కడ చదివారు. కానీ ట్రస్టు లక్ష్యం చదువు. సాయంత్రం నడకకు వచ్చే వృద్ధుడికి, ఆడుకునే పిల్లలకు చోటు చూపించే బాధ్యత దానికి లేదు. అయోధ్యా మైదానం సభలకూ ఎగ్జిబిషన్లకూ వాడుకలో ఉంది. శ్రీకాకుళంలో ఉదయం నడిచేవాళ్లకి, ఎన్నికల సభలకి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండే దిక్కు. అంటే రెండు పట్టణాల్లోనూ జనం వాడుకునే పెద్ద ఖాళీ చాలావరకు మరొక పనికోసం ఉన్న భూమి. మంచితనంతో రానిస్తున్నారు. రేపు ఆ సంస్థకు అక్కడే కొత్త బ్లాకు కట్టుకోవాల్సిన అవసరం వస్తే కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు.

ఆనవాయితీ బలం ఎంతదో తెలియాలంటే విజయనగరంలో ఒక్క రోజు చాలు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఆ దారి జనానిది. పోలీసులూ అధికారులూ దాన్నిబట్టే ఏర్పాట్లు చేసుకుంటారు. హైడ్ పార్కులో 1866కు ముందు సభలు పెట్టుకునే అలవాటు కూడా ఇలాంటిదే. తేడా ఏమిటంటే, అక్కడ అలవాటును ప్రశ్నించిన రోజు వచ్చింది, దాంతో చట్టం రాయక తప్పలేదు. సిరిమాను దారిని ఎవరూ ప్రశ్నించరు. కానీ ఏడాదిలో మిగతా రోజుల్లో అదే జనానికి ఊళ్లో కూర్చునే చోటు విషయంలో అలాంటి పట్టు లేదు.

పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికిందని చెప్పుకునే పెద్ద చెరువు ఊరి నడిబొడ్డున ఉంది. సిరిమాను తర్వాత తెప్పోత్సవం జరిగేదీ అందులోనే. గట్టు మీద నడకదారి, లైట్లు, బెంచీలు పెట్టాలన్న మాట ఇలాంటి ఏ చెరువు దగ్గరైనా తరచూ వస్తుంది. సర్పెంటైన్ అనుభవం ప్రకారం ఆ వరుస తిరగేయాలి. మొదట మురుగు కాలువల్ని చెరువు నుంచి పక్కకు మళ్లించాలి. తర్వాత వానాకాలంలో నీళ్లు వచ్చే దారులు, పొంగినప్పుడు పోయే అలుగు సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. బెంచీలు ఆ తర్వాతే. నీళ్లు కంపు కొడితే ఎంత మంచి నడకదారి మీదా ఎవరూ నడవరు, నడవని చోటు ఆక్రమణకు సులువుగా దొరుకుతుంది. చెరువుల్ని ఇంటి స్థలాలుగా ఇవ్వకూడదని 2001లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కూడా ఉంది. హద్దు తేలని చెరువుకు ఈ రెండూ అక్కరకు రావు.

ముందు ముందు ఏం జరగొచ్చు

రెండు పట్టణాలూ కార్పొరేషన్లయ్యాయి. ఊరు శివార్లలోకి పెరుగుతోంది. కొత్తగా పెద్ద పార్కుకు భూమి కొనే స్తోమత కార్పొరేషన్లకు ఉండదు. కాబట్టి దొరికేది లేఅవుట్లలో వదిలే పది శాతం ఖాళీ స్థలమే. నిబంధన ప్రకారం దాన్ని గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. అనుమతి లేని లేఅవుట్లను రెగ్యులరైజ్ చేసేటప్పుడు మాత్రం ఆ భూమికి బదులు డబ్బు కట్టించుకుంటారు. డబ్బు ఖజానాకు వెళ్తుంది, ఆ కాలనీలో పార్కు మాత్రం ఎప్పటికీ రాదు. ఒక్కో లేఅవుట్‌లో చిన్న ముక్కే కావచ్చు. కానీ ఇరవై ఏళ్లలో ఊరికి ఎంత పచ్చదనం ఉంటుందో నిర్ణయించేది ఆ ముక్కలే.

అప్పగించిన స్థలాల్లో కూడా ఒత్తిడి ఉంటుంది. ఒక మూల వాటర్ ట్యాంకు, మరో మూల సచివాలయం, అంగన్‌వాడీ, కమ్యూనిటీ హాలు, గుడి. పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగినట్టే ఇక్కడా ప్రతిదీ మంచి పనే. కమ్యూనిటీ హాలు వద్దని ఏ కౌన్సిలరూ ఓట్లు పోగొట్టుకోడు. నిర్వహణకు నిధుల్లేని చోట ఎగ్జిబిషన్లకు, జాతరలకు అద్దెకివ్వడం మొదలవుతుంది. హైడ్ పార్కులోనూ అదే జరుగుతోంది కాబట్టి దాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఏడాదిలో ఎన్ని రోజులు ఇస్తారు, ఎంత విస్తీర్ణం ఇస్తారు, వచ్చిన డబ్బు అదే పార్కుకు ఖర్చు పెడతారా, పోయేటప్పుడు నేలను మునుపటిలా చేసి పోతారా అన్నవి ముందే రాసుకోవాలి.

బెంగళూరులో ఒక కాలనీ పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు కోసం గుర్తించిన స్థలంపై అక్కడ ఉండేవాళ్లకి ప్రశ్నించే హక్కు ఉందని కూడా చెప్పింది. ఆ తీర్పు విజయనగరం శివార్లలోని లేఅవుట్‌కీ, శ్రీకాకుళం కాలనీకీ అంతే వర్తిస్తుంది. వాడుకోవాలంటే కాలనీవాళ్ల దగ్గర రెండు కాగితాలు ఉండాలి. ఒకటి ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో సహా ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, రెండోది ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ నకలు. మొదటిది కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో సమాచార హక్కు కింద అడగవచ్చు. రెండోది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కట్టి తీసుకోవచ్చు.